ఫొటోతో పాటు పేరూ రావాలి

కారంపూడి తిరునాళ్ల బొమ్మలు ఒక క్లౌడ్ నుంచి మరో క్లౌడ్‌కు మారుతున్నాయి. దారిలో ఏం జారిపోతోంది? దాన్ని ఎలా నిలుపుకోవాలి?

కార్తీక అమావాస్య వచ్చిందంటే ఐదు రోజులు కారంపూడి కారంపూడిలా ఉండదు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు... పన్నెండో శతాబ్దంలో జరిగిన పల్నాటి యుద్ధాన్ని రోజుకో ఘట్టంగా తలుచుకుంటారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి, దూరపు జిల్లాల నుంచి వీరాచారవంతులు వీరుల ఆయుధాలైన కొణతాలు పట్టుకుని వస్తారు. నాగులేటి నీళ్లతో వాటిని శుభ్రం చేసి వీర్ల గుడికి ఊరేగింపుగా తీసుకెళ్తారు. బ్రహ్మనాయుడు కులం అడగకుండా అందరినీ ఒక్క పంక్తిలో కూర్చోబెట్టిన చాపకూడును మందపోరు నాడు గుర్తుచేసుకుంటారు. ఇవన్నీ తరతరాలుగా వస్తున్నవే. ఈ పదేళ్లలో కొత్తగా చేరింది ఒక్కటే. ఊరేగింపు కదలగానే జనం తలల మీదుగా లేచే ఫోన్లు.

తీసిన ఫొటో సాయంత్రానికి ఎక్కడికి వెళ్తుందో తీసినవాళ్లలో చాలామంది ఆలోచించరు. ఆండ్రాయిడ్ ఫోనైతే గూగుల్ ఫొటోస్‌కు, ఐఫోనైతే ఐక్లౌడ్‌కు దానంతటదే చేరిపోతుంది. ఫోను కొన్నరోజు షాపులో కుర్రాడు ‘బ్యాకప్ ఆన్ చేయమంటారా’ అని అడిగితే సరేనన్నాం. అంతే, మన ఇంటి ఆల్బమ్ ఎక్కడ ఉండాలో ఆ ఒక్క మాటతో తేలిపోయింది. ఊరేగింపులు, పెళ్లిళ్లు, పిల్లల అన్నప్రాశనలు, మిర్చి కల్లాలు, పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, డాక్టరు చీటీ అన్నీ అక్కడికే చేరాయి.

ఇప్పుడు ఆ ఆల్బమ్‌ను ఖాళీ చేసి మరో చోటికి మార్చాల్సిన అవసరం ఇంటింటా వస్తోంది. కారణాలు పెద్దవేం కావు. అమెరికాలో ఉన్న కొడుకు నాన్నకు ఐఫోన్ తెస్తాడు. ‘స్టోరేజ్ నిండింది’ అన్న ఎర్ర గీత పొద్దున్నే పలకరిస్తుంది. సిమ్ కంపెనీ ఏదో ఉచితంగా ఇస్తానంటుంది. అద్దె ఇల్లు మారినట్టే ఇదీ. లారీ ఎక్కిన సామాను అవతలి ఇంట్లో పూర్తిగా దిగిందో లేదో మనమే చూసుకోవాలి.

ఉచితం ఎన్నాళ్లు?

గూగుల్ ఫొటోస్ 2015 మే నెలలో మొదలైంది. నాణ్యత కొద్దిగా తగ్గించి దాచుకుంటే ఎన్ని ఫొటోలైనా ఉచితమే అన్నారు. మన ఊళ్లలోకి చవక స్మార్ట్‌ఫోన్లు, 2016 నుంచి చవక డేటా వచ్చిన కాలం కూడా సరిగ్గా అదే. జనం లెక్క చూడకుండా నింపారు. 2020 నవంబరులో కంపెనీ చెప్పిన అంకెల ప్రకారం అప్పటికే అక్కడ 4 లక్షల కోట్లకు పైగా ఫొటోలు ఉన్నాయి. వారానికి మరో 2,800 కోట్ల ఫొటోలు, వీడియోలు చేరుతున్నాయి. అదే ప్రకటనలో అసలు సంగతీ చెప్పారు. 2021 జూన్ 1 నుంచి అపరిమితం లేదు. జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ అన్నింటికీ కలిపి 15 జీబీ. ఆ తర్వాత ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్‌ను కూడా ఆ 15 జీబీలోనే కలిపారు. ఐక్లౌడ్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీ, మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్‌దీ అంతే. తిరునాళ్లలో ఒక పూట వీడియోలు తీస్తే 5 జీబీ నిండిపోతుంది.

2025 అక్టోబరు చివర్లో జియో, గూగుల్ కలిసి ఒక ఆఫర్ ప్రకటించాయి. అర్హత ఉన్న ప్లాన్లవాళ్లకు 18 నెలల పాటు 2 టీబీ ఉచితం. ఎయిర్‌టెల్ అదే ఏడాది మే నెలలో ఆరు నెలల పాటు 100 జీబీ ఇస్తానంది. తీసుకోవద్దని నేననను. అయితే 18 నెలలు ఎంతలో గడుస్తాయి? 2 టీబీలో సగం నిండిన తర్వాత గడువు ముగిస్తే రెండే దారులు మిగులుతాయి. నెలనెలా కట్టడం, లేదా ఎత్తుకుని మరో చోటికి పోవడం. ఈ మార్పిడి ఒక్కసారితో అయిపోయేది కాదు. ఫొటోలు ఉన్నన్నాళ్లూ నాలుగైదేళ్లకోసారి వస్తూనే ఉంటుంది.

ఇంతకుముందు మూతపడ్డవాటిని చూస్తే సంగతి తెలుస్తుంది. మన పిల్లలు ఇంటర్నెట్ సెంటర్లలో కూర్చుని ఫొటోలు పెట్టిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న ఆగిపోయింది. పికాసాను 2016లో ఆపేశారు. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది. ఫ్లికర్ చేతులు మారాక, 2018లో ఉచిత ఖాతాలకు వెయ్యి ఫొటోల హద్దు పెట్టింది. మరుసటి ఏడాది అంతకు మించినవాటిని తీసేయడం మొదలుపెట్టింది. ఇంజినీరింగ్ రోజుల ఫొటోలు ఆర్కుట్‌లో వదిలేసి వచ్చిన తరానికి ఇప్పుడు నలభై ఏళ్లు. వాళ్లలో చాలామందికి ఆ నాలుగేళ్ల బొమ్మ ఒక్కటీ లేదు.

సున్నాల మధ్య దాగిన తేదీ

గూగుల్ నుంచి ఫొటోలు బయటికి తెచ్చుకునే దారి పేరు టేకౌట్. 2011 నుంచి ఉంది. ఖాతాలోకి వెళ్లి ‘ఫొటోస్’ ఒక్కటే ఎంచుకుని నొక్కితే, కొన్ని గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో జిప్ ఫైళ్ల లింకులు మెయిల్‌కు వస్తాయి. వారంలోపు దించుకోకపోతే మళ్లీ మొదటి నుంచి అడగాలి.

ఆ జిప్ విప్పి చూస్తే చాలామంది కంగారుపడతారు. ఏడాదికో ఫోల్డరు ఉంటుంది. ఆల్బమ్‌లు చేసుకుని ఉంటే వాటికి విడిగా ఫోల్డర్లు. అందువల్ల ఒకే ఫొటో రెండు చోట్ల కనిపిస్తుంది. ప్రతి ఫొటో పక్కనా దాని పేరుతోనే ఒక చిట్టి ఫైలు ఉంటుంది. జేసన్ ఫైలు అంటారు. ఫొటోలు చూసుకుందామని వచ్చినవాళ్లకు అది చెత్తలా కనిపిస్తుంది. ఎంచి ఎంచి డిలీట్ చేసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఫొటోకు సంబంధించిన సగం సమాచారం దాంట్లోనే ఉంది.

ఒకదాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరుద్దాం. 2019లో తీసిన తిరునాళ్ల ఫొటో అనుకోండి. లోపల ఫొటో పేరు, మనం రాసుకున్న వివరణ ఏదైనా ఉంటే అది, ‘ఫొటో తీసిన సమయం’ అన్నచోట 1574915400 అన్న అంకె కనిపిస్తాయి. 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల లెక్క అది. మన గడియారంలోకి మారిస్తే 2019 నవంబరు 28, గురువారం, ఉదయం పది గంటలు. కింద అక్షాంశం, రేఖాంశం. ఫోనులో లొకేషన్ ఆన్‌లో ఉంటే 16.4, 79.7 దగ్గరి అంకెలు కనిపిస్తాయి. అదే కారంపూడి. ఆ రోజున ఊరు గుంటూరు జిల్లాలో ఉంది, 2022 ఏప్రిల్ 4 నుంచి పల్నాడు జిల్లాలో ఉంది. జిల్లా మారినా ఆ రెండు అంకెలు మారవు. లొకేషన్ ఆఫ్‌లో ఉంటే మాత్రం రెండు చోట్లా సున్నా. కొన్ని ప్రోగ్రాములు ఆ సున్నాలను నిజమని నమ్మి, వీర్ల గుడి ఫొటోను ఆఫ్రికా పక్కన అట్లాంటిక్ సముద్రంలో చూపిస్తాయి.

కెమెరాతో నేరుగా తీసిన ఫొటోకు పెద్ద ప్రమాదం లేదు. తీసిన తేదీ ఫొటో ఫైలు లోపలే ఉంటుంది కాబట్టి ఎక్కడికి పోయినా వెంట వస్తుంది. ఇబ్బందంతా వాట్సాప్‌లో వచ్చినవాటితోనూ, పాత అట్ట ఫొటోను ఫోనుతో తీసుకున్నవాటితోనూ. మన ఇళ్లలో ఎక్కువ ఉన్నవి అవే. వాట్సాప్ ఫొటోను కుదిస్తుంది, లోపలి తేదీని, ఊరి అంకెలను తీసేస్తుంది. మిగిలేది ఫైలు పేరులో తేదీ మాత్రమే. ఐఎంజీ-20191128-డబ్ల్యూఏ0007 అని ఉంటుంది చూడండి, దాన్నిబట్టి ఎప్పుడు వచ్చిందో తెలుస్తుంది. ఆ పేరును మార్చేస్తే అదీ పోతుంది. తాతయ్య పెళ్లి ఫొటోకు గూగుల్ ఫొటోస్‌లో మనం కూర్చుని 1978 అని తేదీ దిద్దుకుని ఉంటే, ఆ దిద్దుబాటు ఉండేది జేసన్‌లోనే. ఫొటో లోపల కాదు.

జేసన్‌లను పారేసి బొమ్మలను మాత్రం కొత్త చోట ఎక్కిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. తేదీ లేని ఫొటోలన్నీ ఎక్కించిన రోజు కిందికే వచ్చి పడతాయి. కోడిపోరు, చెల్లి సీమంతం, నాయనమ్మ పెద్దకర్మ అన్నీ ఒకే మంగళవారం జరిగినట్టు వరుసగా కనిపిస్తాయి. బొమ్మలు పోలేదు, వాటి కాలం పోయింది. ఏది ముందో ఏది వెనకో చెప్పగల పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నంతవరకు సర్దుకోవచ్చు. ఆ తర్వాత?

మందు ఉంది. జిప్‌లన్నీ ఒకే ఫోల్డర్లోకి విప్పాలి. ఎందుకంటే ఫొటో ఒక జిప్‌లోనూ, దాని జేసన్ మరో జిప్‌లోనూ పడే అవకాశం ఉంది. ఆ తర్వాత ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాముతో జేసన్‌లోని తేదీని ఫొటో లోపలికి రాయించవచ్చు. కంప్యూటరు అలవాటున్న పిల్లలకు అది ఒక పూట పని. ఫైలు పేరు మరీ పొడుగైతే జేసన్ పేరు తోక తెగి జతలు కుదరవు. వాటిని చేత్తో సరిచేయాలి. విసుగనిపిస్తుంది, అయినా కూర్చోవాల్సిన పనే.

రెండు జీబీ డేటాతో వంద జీబీ

ఇక దారి ఖర్చు. ఇంట్లో 100 జీబీ ఫొటోలున్నాయి. రోజుకు 2 జీబీ ఇచ్చే సిమ్‌తో దించుకోవడానికి 50 రోజులు, మళ్లీ ఎక్కించడానికి మరో 50 రోజులు. ఆ వంద రోజులూ ఇంట్లో ఇంకెవరూ ఆ డేటా ముట్టుకోకూడదు. ఫైబర్ కనెక్షన్ ఉండి నిలకడగా 10 ఎంబీపీఎస్ వస్తే ఒకవైపుకు 22 గంటలు. మధ్యలో కరెంటు పోతే పెద్ద జిప్ మొదటికొస్తుంది. అందుకే నెట్ బలహీనంగా ఉన్నచోట 50 జీబీ ముక్కలు కాకుండా 2 జీబీ ముక్కలే అడగడం మేలు. తెగితే తెగిన ముక్క ఒక్కటే మళ్లీ దించుకోవచ్చు.

మన ఇంటి నెట్‌తో పని లేకుండా ఒక కంపెనీ సర్వరు నుంచి మరో కంపెనీ సర్వరుకు నేరుగా పంపే దారి కూడా ఉంది. గూగుల్, ఫేస్‌బుక్, మైక్రోసాఫ్ట్, ట్విటర్ కలిసి 2018లో డేటా ట్రాన్స్‌ఫర్ ప్రాజెక్ట్ ప్రకటించాయి. మరుసటి ఏడాది యాపిల్ చేరింది. దాని ఫలంగానే 2021 మార్చి నుంచి ఐక్లౌడ్ ఫొటోలను గూగుల్‌కు, 2024 జులై నుంచి గూగుల్ ఫొటోలను ఐక్లౌడ్‌కు పంపే వీలు వచ్చింది. మొదటిదానికి యాపిల్ ప్రైవసీ పేజీలో అడగాలి, రెండోదానికి టేకౌట్‌లోనే. మూడు రోజుల నుంచి వారం పడుతుంది. అవతల చాలినంత చోటు ముందే కొని ఉంచాలి. పాత చోటు ఫొటోలు అక్కడే ఉంటాయి, వాటంతటవి చెరిగిపోవు.

కారంపూడి లాంటి ఊళ్లకు ఇదే అనువైన దారి అని నా అభిప్రాయం. కానీ ఇదీ అన్నీ మోసుకురాదు. లైవ్ ఫొటోల కదలిక, కొంత సమాచారం దారిలో రాలిపోవచ్చని కంపెనీలే చెబుతున్నాయి. అక్క షేర్ చేసిన పెళ్లి ఆల్బమ్ మనకు కనిపిస్తుంది కానీ అది అక్కదే. మన లైబ్రరీలో సేవ్ చేసుకుంటేనే మన వెంట వస్తుంది. పాత చోట ‘అమ్మ’, ‘బుజ్జి’ అని ముఖాలకు పెట్టుకున్న పేర్ల గుంపులు అలాగే రావు. కొత్త చోట ఆ ముఖాలను మళ్లీ గుర్తుపట్టించాలి.

అన్నీ చేరాయనుకున్నాక పాతవి చెరిపేసే ముందు ఆగాలి. ఏడాది వారీగా లెక్క సరిచూడండి. అన్నిటికంటే పాత ఫొటో, పెద్ద వీడియో, తెలుగులో పేరున్న ఆల్బమ్ తెరిచి చూడండి. రెండు మూడు నెలలు రెండు చోట్లా ఉంచండి. ఇంకో మాట. గూగుల్ ఫొటోస్ యాప్‌లో డిలీట్ నొక్కితే క్లౌడ్‌లోనే కాదు, ఫోనులోనూ పోతుంది. ఐక్లౌడ్ కూడా అంతే, ఒక్కచోట చెరిపితే అన్ని పరికరాల్లోనూ చెరుగుతుంది. బ్యాకప్ చేసిన ఫొటో గూగుల్ చెత్తబుట్టలో 60 రోజులు, ఐక్లౌడ్‌లో సుమారు 30 రోజులు ఉంటుంది. ఆ గడువు దాటితే ఎవరినడిగినా లాభం లేదు.

అలిశెట్టి గాలెయ్య పేరు మనకెలా తెలుసు?

పల్నాడులో ఇలాంటి మార్పిడి ఇంతకుముందు జరగకపోలేదు. వీరుల కథ వందల ఏళ్లు పాడేవాళ్ల గొంతుల్లో బతికింది. శ్రీనాథుడి పేరుతో ఉన్న పల్నాటి వీరచరిత్ర రాతప్రతులను పరిష్కరించి అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. 1970లలో జీన్ రోగైర్ అనే అమెరికన్ పరిశోధకుడు పల్నాడు వచ్చి, అలిశెట్టి గాలెయ్య అనే గాయకుడు పాడిన కథను టేపు మీద రికార్డు చేశాడు. దాన్ని అనువదించి ‘ది ఎపిక్ ఆఫ్ పల్నాడు’ పేరుతో 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి పుస్తకంగా తెచ్చాడు.

గొంతు నుంచి టేపుకు, టేపు నుంచి ఇంగ్లిష్ పుస్తకానికి ఇన్ని మార్పులు జరిగినా ఒకటి పోలేదు. పాడింది ఎవరో ఆ పుస్తకం చెబుతుంది. రోగైర్ ‘ఒక జానపద గాయకుడు’ అని రాసి వదిలేసి ఉంటే ఆ కథ మనకు దొరికేది, గాలెయ్య దొరికేవాడు కాదు. ఈ ప్రాంతపు పాటకుల్లో ఎంతమంది పేర్లు అలా లేకుండా పోయాయో ఆలోచిస్తే బాధేస్తుంది. ఇవాళ మన ఫోనులో కొణతం పట్టుకుని నిలబడ్డ వృద్ధుడి ఫొటో ఉంది. ఆయన ఏ ఊరివాడు, ఏ వీరుడి కొణతం మోస్తున్నాడు, ఎవరి తర్వాత ఆ బాధ్యత ఆయనకు వచ్చింది అన్నది పక్కన రాసి లేదు. పదిసార్లు క్లౌడ్ మార్చినా ఫొటో బతుకుతుంది. రాయని పేరును ఏ కంపెనీ తెచ్చివ్వలేదు.

హక్కుగా రావాలి

సిమ్ కంపెనీ నచ్చకపోతే నంబరు మార్చుకోకుండానే వేరే కంపెనీకి వెళ్లే హక్కు 2011 జనవరి 20 నుంచి దేశమంతటా ఉంది. అది కంపెనీల దయ కాదు, నిబంధన. ఫొటోల విషయంలో మనకు అలాంటి హక్కు లేదు. యూరప్‌లో ఉంది. 2018 మే నుంచి అమల్లోకి వచ్చిన అక్కడి డేటా రక్షణ చట్టంలో 20వ అధికరణం ప్రకారం తన సమాచారాన్ని వాడుకోదగ్గ రూపంలో తీసుకుని మరో చోటికి పోవచ్చు. మన దగ్గర 2019 బిల్లులో ఆ హక్కు రాశారు. ఆ బిల్లును 2022 ఆగస్టులో వెనక్కి తీసుకున్నారు. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఆ హక్కు కనిపించదు. మనకు ఇప్పుడున్న వసతులు కంపెనీలు తమంతట ఇచ్చినవి. తగ్గించాలనుకుంటే తగ్గించగలవు. 2025 మార్చి 31 తర్వాత బయటి ప్రోగ్రాములు గూగుల్ ఫొటోస్ లైబ్రరీ మొత్తాన్ని చదివే దారి మూసుకుపోయింది. తాము ఎక్కించినవాటిని మాత్రమే అవి చూడగలవు. కారణం భద్రత కావచ్చు. కానీ బయటికి వచ్చే దారుల్లో ఒకటి తగ్గింది. చట్టంలో ఆ హక్కును తిరిగి చేర్చాలి. పార్లమెంటులో మన ప్రతినిధులు దీన్ని అడగాలి.

ఆ చట్టంలో మనకు పనికొచ్చేది ఒకటుంది. మనం పోయాక లేదా చేతకానప్పుడు మన డేటా హక్కులు ఎవరు వాడుకోవాలో నామినీని పెట్టుకోవచ్చు. ఆ నిబంధన పూర్తిగా అమల్లోకి రావడానికి ఇంకా సమయం ఉంది. ఈలోపు గూగుల్ ఖాతాలో ‘ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్’లో, ఐఫోన్‌లో ‘లెగసీ కాంటాక్ట్’లో ఇంట్లో ఒకరి పేరు పెట్టించండి. 2023 డిసెంబరు నుంచి రెండేళ్లు ఎవరూ తెరవని గూగుల్ ఖాతాను కంపెనీ తొలగించవచ్చు. నాన్న పోయారు, ఫోను బీరువాలో ఉంది, పాస్‌వర్డు తెలియదు. రెండో సంవత్సరీకం నాటికి ఆయన తీసిన ఫొటోలు పోయే ప్రమాదం నిజంగా ఉంది.

ఏ క్లౌడ్ మంచిదని నన్నడిగితే, మీ ఇంట్లో ఎక్కువమంది వాడేదే మంచిది అంటాను. కానీ క్లౌడ్ ఒక్కదాన్నే నమ్మొద్దు. పీటర్ క్రో అనే ఫొటోగ్రాఫర్ చెప్పిన పద్ధతి ప్రపంచమంతా పాటిస్తోంది. మూడు కాపీలు, రెండు రకాల నిల్వలు, అందులో ఒకటి ఇంటికి దూరంగా. మనకు అది కష్టమేం కాదు. ఇంట్లో ఒక హార్డ్‌డిస్క్, క్లౌడ్‌లో ఒకటి, హైదరాబాద్‌లోనో నరసరావుపేటలోనో ఉన్న తమ్ముడి దగ్గర ఇంకో డిస్క్. పెళ్లి అయితే స్టూడియోవాళ్ల దగ్గర కరిజ్మా ఆల్బమ్‌తో పాటు అసలు ఫైళ్లూ అడిగి తీసుకోండి. వాళ్లు మాత్రం ఎన్నాళ్లు దాస్తారు?

డిస్కులో ఫోల్డర్ల పేర్లు తెలుగులోనే పెట్టండి. ‘2019 నవంబరు – కారంపూడి తిరునాళ్ల – మందపోరు’ అని రాస్తే చాలు. ఏ యాప్ ఉన్నా లేకపోయినా అది చదవొచ్చు. క్లౌడ్ మార్చే ఆలోచన ఉన్నవాళ్లు ముందు ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చోండి. పాత ఫొటోలు ఒక్కొక్కటే చూపించి ఎవరు, ఎక్కడ, ఏ ఏడు అని అడిగి రాసుకోండి. ఆ కాగితాన్ని ఫొటో తీసి అదే ఫోల్డర్లో పెట్టండి. టేకౌట్ బటన్ ఆ తర్వాత నొక్కవచ్చు.